చర్చి సంఘం తరఫున మైకు ముందు మాట్లాడే పని: మా అమ్మాయికి తగినదేనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చదువుతోంది. సంఘం తరఫున పత్రికలతో, ఛానెళ్లతో మాట్లాడే పని చూసుకోమని మా పాస్టరేట్ కమిటీ (చర్చి వ్యవహారాలు చూసే పెద్దల కమిటీ) అడుగుతోంది. ఆ మధ్య సమాధుల తోట స్థలం గొడవలో మా అయ్యగారు (పాస్టరుగారు) కోపంమీద అన్న ఒక్క మాటను పట్టుకుని ఒక ఛానెల్ రోజంతా తిప్పింది. అందుకే భయం. ఈ పని అమ్మాయికి ముందుముందు పనికొస్తుందా? ఎలా నేర్చుకోవాలి?

జవాబు: పనికొస్తుంది, ఒప్పుకోమనండి. అయితే రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. సంఘం తరఫున మాట్లాడేది ఎవరో కమిటీ తీర్మానం రాసి ఇవ్వాలి. మిగతా పెద్దలు ఎవరు మైకు పెట్టినా ఆమె నంబరు చెప్పి పక్కకు రావాలి. మీది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే, డయాసిస్‌కు, అంటే బిషప్ కింద ఉండే చర్చిలన్నిటికీ సంబంధించిన ప్రశ్నలను కడపలో ఉన్న రాయలసీమ డయాసిస్ కార్యాలయానికి పంపాలి. రెండోది ఇంకా ముఖ్యం: జరిగింది జరిగినట్టు ఆమెకు చెప్పాలి. లెక్కలు చూపించకుండా బయట సర్దిచెప్పి రమ్మంటే, ఆ పని వద్దనే నా సలహా. చదువుకున్న పిల్ల పేరు పాడవుతుంది, సంఘం మాటకూ విలువ పోతుంది.

మీ అయ్యగారిని తప్పుపట్టకండి. ఆదివారం అరగంట ప్రసంగిస్తే మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. మైకు ముందు అలా కుదరదు. పది నిమిషాలు మాట్లాడినా ఛానెల్ వాడుకునేది ఇరవై సెకన్ల బైట్, అంటే కత్తిరించి వేసే మాట ముక్క. ఏ ఇరవై సెకన్లన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే వాక్యాలు చిన్నవిగా ఉండాలి. ఏ వాక్యాన్ని విడిగా తీసి వేసినా అర్థం మారకూడదు.

సమాధుల తోట సంగతే తీసుకోండి. విలేకరి ఫోన్ చేయగానే అమ్మాయి నాలుగు ప్రశ్నలు అడగాలి: ఏ విషయం, ఇంకా ఎవరితో మాట్లాడారు, లైవా రికార్డింగా, ఎప్పటిలోగా కావాలి. అరగంట టైం అడిగి, ఆ అరగంటలో పాత కాగితాలు తెలిసిన పెద్దాయనతో మాట్లాడాలి. చెప్పిన టైంకు తనే ఫోన్ చేయాలి. మండల విలేకరికి సాయంత్రంలోగా వార్త పంపాల్సిన ఒత్తిడి ఉంటుంది. మన ఫోన్ రాకపోతే అవతలి పక్షం మాటతోనే వార్త వెళ్లిపోతుంది. ఇక చెప్పాల్సింది ఇంతే: "ఈ తోటలో మా పెద్దల సమాధులున్నాయి. హద్దులు తేల్చమని తహసీల్దారుకు అర్జీ పెట్టాం. సర్వే అయ్యేదాకా ఇరుగుపొరుగుతో గొడవ పెట్టుకోం." అర్జీ నిజంగా పెట్టి ఉంటేనే ఆ మాట అనాలి. "అవతలివాళ్లు కబ్జాదారులేనా?" అని రెచ్చగొట్టినా ఆ మాట ఆమె నోట రాకూడదు. కాదనడానికైనా సరే, "మేం కబ్జా అనలేదు" అంటే రేపు హెడ్డింగులో కబ్జా ఉంటుంది. మన సీమలో మాట పట్టింపులకు ఎంత దూరం వెళ్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

తెలియనిది "కనుక్కుని చెబుతాను" అంటే చాలు. కెమెరా ఆపాక టీ తాగుతూ అన్న మాట కూడా వార్తే అనుకోవాలి.

పిల్లల మీద లైంగిక వేధింపుల ఆరోపణ వస్తే మాత్రం పరువు సంగతి పక్కన పెట్టాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, పిల్లల ఆనవాలు మీడియాలో రాకూడదు. "పోలీసులకు తెలియజేశాం, విచారణకు సహకరిస్తాం" అన్నంతవరకే మాట్లాడాలి. పోలీసులకు చెప్పకుండా ఆ మాట అనడం ఘోరం.

పత్రికలో తప్పు వస్తే ఎడిటర్‌కు లేఖ రాసి సవరణ అడగాలి. వేయకపోతే, దినపత్రిక విషయంలో రెండు నెలల్లోగా, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విలేకరితో ఫోన్‌లో తగువు పడితే వచ్చేదేమీ లేదు.

సాధనకు ఇల్లు చాలు. మీరు విలేకరై కటువుగా అడగండి, తమ్ముడో చెల్లో ఫోన్‌లో రికార్డు చేయాలి. విన్నాక ఆమే తన మాటలు కత్తిరించుకుంటుంది. ఇదే నేర్పు రేపు ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కమ్యూనికేషన్స్ పనికి అక్కరకొస్తుంది. ప్రతి పత్రికా ప్రకటన, ప్రతి బైట్ ఒక ఫైల్‌లో దాచుకోమనండి, ఇంటర్వ్యూల్లో అవే చూపించుకోవచ్చు. గౌరవ వేతనం సంగతి మీరే కమిటీతో మాట్లాడండి. పరీక్షల నెలల్లో ఆ బాధ్యత ఎవరు చూస్తారో కూడా అదే తీర్మానంలో రాయించండి.