పాన్ స్టార్స్‌లో కనిపించే పాత తుపాకులు నిజంగా అంత అరుదైనవేనా? ఆ ధరలను నమ్మవచ్చా?

‘పాన్ స్టార్స్’ లాస్ వేగస్‌లోని ఒక తాకట్టు దుకాణం చుట్టూ నడిచే అమెరికన్ టీవీ కార్యక్రమం. అలాంటి వాటిలో ఎవరో ఒకరు తాతగారి పెట్టెలో దొరికిందంటూ ఒక పాత తుపాకీని పట్టుకొస్తారు, నిపుణుడు వచ్చి దానికి వేల డాలర్ల విలువ కడతాడు. అవి అసలైనవేనా, ఆ ధరలు నిజమేనా అని మీరు అడిగారు. తుపాకులు చాలావరకు అసలైనవే. ధర సంగతికి వస్తే మాత్రం తెర మీద వినిపించిన అంకెను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, ఎందుకంటే పాత ఆయుధానికి విలువ తెచ్చిపెట్టే అంశాలలో కెమెరాకు చిక్కేవి చాలా తక్కువ. నేను డాలస్ దగ్గర ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా, కొన్నేళ్లుగా ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో జరిగే ఆయుధాల ప్రదర్శనకూ, మా ఊరికి దగ్గరలోని బెడ్‌ఫర్డ్‌లో వేలానికి ముందు జనాన్ని లోపలికి అనుమతించే రోజులకూ వెళ్తున్నాను. కొనడం కన్నా చేతిలోకి తీసుకుని చూడడమే నాకు ఎక్కువ ఇష్టం.

ముందుగా ఒక చిన్న విషయం. 2009 జూలైలో హిస్టరీ చానెల్‌లో మొదలైన ఆ కార్యక్రమంలో ఆధునిక తుపాకులు దాదాపుగా కనిపించకపోవడానికి కారణం అభిరుచి కాదు, చట్టం. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది పురాతన వస్తువు కిందికి వస్తుంది. దానిని కొనడానికీ అమ్మడానికీ ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. కొన్ని రాష్ట్రాల నిబంధనలు ఇంతకన్నా కఠినంగా ఉంటాయి. లాస్ వేగస్‌లోని ఆ దుకాణం యజమాని రిక్ హారిసన్ తుపాకీ రాగానే తయారైన సంవత్సరం అడగడం వెనుక ఉన్నది ఇదే.

ఇక అరుదు అనే మాట. మోడల్ అరుదైనది కావడం వేరు, ఆ ఒక్క తుపాకీ అరుదైనది కావడం వేరు. 1847లో అమెరికన్ తుపాకుల తయారీదారు శామ్యూల్ కోల్ట్ తయారు చేయించిన వాకర్ రివాల్వర్లు మొత్తం దాదాపు 1,100 మాత్రమే. రెండు కిలోలకు పైగా బరువుండే ఆ రివాల్వర్‌లో తుపాకీమందు ఎక్కువగా పట్టడం వల్ల సిలిండర్లు పగిలిపోయి చాలా వాటికి ఆయుష్షు అక్కడితోనే తీరింది. మిగిలిన వాటిలో మేలైన స్థితిలో ఉన్న ఒకదానికి 2018 వేలంలో 18 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇది మోడల్ వల్ల వచ్చిన విలువ. దీనికి భిన్నంగా కోల్ట్ వారి 1873 నాటి సింగిల్ యాక్షన్ రివాల్వర్ లక్షల సంఖ్యలో తయారైంది, ఏ ప్రదర్శనకు వెళ్లినా బల్లల మీద కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఆ మోడల్‌లోనే ఒకటి 2021 ఆగస్టులో 60 లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయింది. 1881లో షెరీఫ్ ప్యాట్ గారెట్ పేరుమోసిన బందిపోటు బిల్లీ ది కిడ్‌ను కాల్చిచంపిన రివాల్వర్ అది. గారెట్ మరణించిన తర్వాత అది ఎల్ పాసోలో మరొకరి దగ్గర ఉండిపోతే, గారెట్ భార్య కోర్టుకెక్కి 1930లలో తిరిగి దక్కించుకున్నారు. నా ఉద్దేశంలో దాని విలువలో పెద్ద వాటా ఆ కోర్టు కాగితాలదే, ఎందుకంటే చేతులు మారిన ప్రతి దశకూ వాటివల్ల ఆధారం దొరికింది.

టీవీలో వినిపించే “మా ముత్తాత అంతర్యుద్ధంలో వాడారట” అన్న మాటకు అలాంటి కాగితం లేకపోతే అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వడు. కోల్ట్ తుపాకులకైతే ఆ సంస్థ రికార్డుల విభాగం, వించెస్టర్ సంస్థ పాత తుపాకులలో చాలా వాటికి వయోమింగ్ రాష్ట్రం కోడీలో ఉన్న తుపాకుల మ్యూజియం, సీరియల్ నంబరును బట్టి ఆ తుపాకీ ఎప్పుడు ఏ రూపంలో కర్మాగారం దాటిందో రుసుము తీసుకుని ఉత్తరం రాసి ఇస్తాయి. గొట్టం పొడవు ఆ ఉత్తరంలో ఒకలాగా, చేతిలో మరొకలాగా ఉందంటే బేరం అక్కడితో ఆగిపోతుంది.

స్థితి అనే మాటకు అర్థమేమిటో నాకు టల్సాలో ఒక వృద్ధ వ్యాపారి బల్ల దగ్గర తెలిసివచ్చింది. ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్ 1873 మోడల్‌కు చెందిన రెండు కార్బైన్‌లను పక్కపక్కన పెట్టి, ఏది మంచిదో చెప్పమన్నారు. అశ్వికదళం కోసం చేసిన పొట్టి రకం అది; 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా ఆదివాసీ యోధులతో జరిగిన ప్రసిద్ధ యుద్ధంలో ఓడిపోయిన జనరల్ కస్టర్ దళం చేతిలో ఉన్నది ఈ రకమే కావడం వల్ల, అంతకు ముందు తయారైనవిగా లెక్కించే సుమారు 43,700 లోపు సీరియల్ నంబర్లకు విపరీతమైన గిరాకీ ఉంటుంది. కాల్బలం కోసం చేసిన పొడవాటి రైఫిళ్లు చవకగా దొరుకుతాయి కాబట్టి, గొట్టాన్ని 22 అంగుళాలకు కోసి, చెక్కను కురచ చేసి కార్బైన్‌గా చలామణీ చేసే మోసం దశాబ్దాలుగా సాగుతోంది. నా కంటికి రెండూ ఒకేలా కనిపించాయి. పైగా రెండోదే ఎక్కువ మెరుస్తోంది. ఆయన దానిని వెల్లకిలా తిప్పి, గొట్టం కింది చెక్క మీద టార్చిలైటు ఏటవాలుగా వేశారు. నడిమధ్యన పొడుగునా సన్నని వాల్‌నట్ బద్ద ఒకటి అతికించి ఉంది, దాని నార పక్క చెక్క నారతో కలవడం లేదు. రైఫిల్‌కు గొట్టం కింద కడ్డీ దూర్చే గాడి ఉంటుంది, అసలైన కార్బైన్‌కు ఉండదు. ఆ బద్ద గాడిని పూడ్చిన గుర్తు. ఆ మెరుపు కూడా మంచి లక్షణం కాదు. కాలంతో పట్టిన ముదురు రంగును రాపిడి చక్రం మీద తుడిచేస్తే విలువ సగానికి పైగా పడిపోవచ్చునని, అమ్మేముందు శుభ్రం చేయాలనే ఆత్రం వల్ల కుటుంబాలు నష్టపోతున్నంతగా దొంగల వల్ల కూడా నష్టపోవడం లేదని ఆయన కాస్త కోపంగానే అన్నారు. అప్పటినుంచి నేను ఏ తుపాకీని తీసుకున్నా మొదట స్క్రూల తలలు చూస్తాను. గాళ్ల అంచులు చితికి ఉంటే ఎవరో తగని స్క్రూడ్రైవర్‌తో విప్పారని అర్థం. లోపలి భాగాలు మారి ఉండే అవకాశం ఉంటుంది. టీవీలో నిపుణుడు ఈ పనంతా చేయకపోడు, కానీ ఎడిటింగ్ బల్ల దాటి మన దాకా వచ్చేది కథా, చివరి అంకే.

ఆ అంకె కూడా అమ్మేవాడి జేబులోకి వెళ్లేది కాదు. నిపుణుడు చెప్పేది సాధారణంగా దుకాణంలో చివరికి అమ్మే ధర లేదా వేలంలో పలకగల ధర. దుకాణదారుడు అందులో సగం దగ్గర బేరం మొదలుపెడతాడు, తాకట్టు వ్యాపారంలో అది అన్యాయమేమీ కాదు. వేలానికి పంపినా నిర్వాహకుల కమీషన్ ఉంటుంది, నెలల తరబడి ఆగాలి.

నిపుణుడు టీవీలో కనిపిస్తున్నాడు కాబట్టి నమ్మవచ్చు అనుకోవడం ప్రమాదకరం. జనం తెచ్చిన పాత వస్తువులకు నిపుణులు విలువ కట్టే అమెరికన్ టీవీ కార్యక్రమం ‘యాంటిక్స్ రోడ్‌షో’లో 1990ల చివర్లో సైనిక వస్తువుల నిపుణులుగా కనిపించిన ఇద్దరు తమ పరిచయస్థుడి చేత అంతర్యుద్ధ కాలపు ఖడ్గం ఒకటి తెప్పించి, చిన్నప్పుడు దానితో పుచ్చకాయలు కోసేవాడినని చెప్పించి నాటకమాడారు. ఆ పేరుతో వచ్చిన నమ్మకాన్ని వాడుకుని సైనికాధికారుల వారసుల నుంచి వస్తువులను తక్కువ ధరకు రాబట్టారు. నిర్మాతలు 2000లో వారితో సంబంధం తెంచుకున్నారు; తర్వాత ఇద్దరూ ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. తుపాకుల వ్యవహారంలోనూ నేను పాటించే పద్ధతి ఒకటే: విలువ కట్టేవాడూ కొనేవాడూ ఒకరే అయితే ఆ మాటను లెక్కలోకి తీసుకోను.

ఇండియాలో ఇంట్లో ఉన్న పాత తుపాకీని ఇలా అమ్మవచ్చా అని కింద మరొకరు అడిగారు. అమెరికాలో లాగా ఫలానా సంవత్సరానికి ముందుదైతే చాలు అనే సూత్రం మన దగ్గర లేదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకు మాత్రమే, అది పనికిరాదని ఇంట్లోవాళ్లు అనుకుంటే సరిపోదు. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం వల్ల సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు, కాబట్టి లండన్ వేలాలలో టిప్పు సుల్తాన్ తుపాకులకు పలికిన ధరలు చూసి ఆశపడినా లాభం లేదు. అమెరికాలో కొన్నదాన్ని సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. కేవలం చూడాలనే కోరిక ఉన్నవారికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల విభాగం ఉంది. శుక్రవారం తప్ప మిగతా రోజులలో వెళ్లవచ్చు.