టోరెస్ డెల్ పైనే: కవర్ వేసినా స్లీపింగ్ బ్యాగ్ ఎందుకు తడిసింది?

చిలీలోని టోరెస్ డెల్ పైనే పార్కులో ట్రెక్ చేస్తూ, బ్యాక్‌ప్యాక్‌కు రెయిన్ కవర్ వేసినా లోపలి స్లీపింగ్ బ్యాగ్ ఎందుకు తడిసిందని అడిగారు. కారణం గాలే. కవర్ చిరగలేదన్నారు కదా, ఆ పార్కు ఉన్న పటగోనియా ప్రాంతంలో వేసవి గాలి కవర్ కిందకి దూరి దాన్ని గొడుగులా పైకి లేపేస్తుంది. పైగా వీపు వైపు కవర్ ఉండదు. మెడ మీద నుంచి కారిన నీళ్లు అటునుంచే లోపలికి దిగుతాయి.

మిగిలిన మూడు రోజులకు ఇలా చేయండి:

1. మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి సంపాదించండి. మీ గైడ్‌ను అడిగితే దొరకొచ్చు. దాన్ని బ్యాక్‌ప్యాక్ లోపల పరచండి, బయట కాదు.

2. అడుగున స్లీపింగ్ బ్యాగ్, దాని మీద రాత్రి వేసుకునే పొడి బట్టలు.

3. అందరూ వదిలేసేది ఇదే: సంచి మూతి ఊరికే మడిచి వదలకండి. మోకాలితో నొక్కి గాలంతా తీసేయండి. మూతిని తాడులా గట్టిగా మెలితిప్పి, ఆ మెలికను వంచి పక్కకు దోపండి. మడత సందులోంచి నీరు దిగుతుంది, మెలికలోంచి దిగదు.

4. రెయిన్ జాకెట్, తినేవి సంచి పైన ఉంచండి. దారిలో సంచి విప్పే పని పడకూడదు.

గాలి బాగా ఎక్కువగా ఉంటే కవర్ తీసి లోపల పెట్టేయండి, ఎగిరిపోతే పార్కులో చెత్తవుతుంది.

ఈ రాత్రి తడి స్లీపింగ్ బ్యాగ్‌లో మాత్రం పడుకోవద్దు, చలికి ప్రమాదం. రెఫ్యూజియోల్లో (దారిలో ట్రెక్కర్లు రాత్రి బస చేసే వసతి గృహాల్లో) స్లీపింగ్ బ్యాగులు అద్దెకిస్తారు, చేరగానే అడగండి. మంట వేసి ఆరబెట్టే ఆలోచన వద్దు, పార్కులో అది నిషేధం.