బయాప్సీ రిపోర్టులో ‘అసహజ టి లింఫోసైట్లు’ అంటే ఏమిటి?

నల్లగొండలో మీ నాన్నగారి నడుము మచ్చలకు తీసిన బయాప్సీలో ఈ మాట చూసి టెన్షన్ పడుతున్నారన్నారు. టి లింఫోసైట్లు ఒంటిని కాపాడే తెల్లరక్తకణాలే. చర్మ లింఫోమాలో, అంటే చర్మంలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌లో, వాటిలో ఒకటి గాడి తప్పి, తనలాంటివాటినే పుట్టిస్తూ పోతుంది. మైక్రోస్కోపులో వీటి కేంద్రకం మెదడులా మడతలుగా కనిపిస్తుంది. పైచర్మంలోకి ఎక్కి గుంపులు కడతాయి. అయితే ఎగ్జిమాలోనూ (దురదతో చర్మం వాచే మామూలు జబ్బు) కొంత ఇలాగే ఉండొచ్చు, నా దృష్టిలో అసలు చిక్కు అదే. అందుకే మార్కర్లు, అంటే కణాల మీద గుర్తుల్లాంటి ప్రొటీన్లు చూస్తారు: ఈ లింఫోమా కణాలపై ఎక్కువగా సీడీ4 అనేది ఉంటుంది, సీడీ7 అనేది తగ్గిపోతుంది. కణాలన్నీ ఒకే కణం సంతానమా అన్నది టీసీఆర్ (టి కణాల రిసెప్టర్) జీన్ పరీక్ష చెబుతుంది, అదొక్కటే రుజువు కాదు. రక్తంలోకి పాకిందేమోనని ఫ్లో సైటోమెట్రీ అనే రక్తకణాల పరీక్ష చేస్తారు. ఒక్కోసారి బయాప్సీ మళ్లీ తీయాల్సి వస్తుంది. మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము రాస్తుంటే డాక్టరుకు ముందే చెప్పండి, అది ఆనవాళ్లను మాయం చేస్తుంది.