పిల్లి తిండి సంగతి డాక్టర్‌కు తెలుసా?

ప్రశ్న: మాది హనుమకొండ. మూడేళ్ల గండుపిల్లి ఉంది, ఆపరేషన్ కూడా చేయించాం. చిన్నప్పటి నుంచి పాలన్నం, మేం తినే చికెన్ కూరలోని ముక్కలే దాని తిండి. పోయిన నెల మూత్రంలో రక్తం పడితే డాక్టర్ గారు మందులిచ్చి, వాళ్ల క్లినిక్‌లోనే అమ్మే ఖరీదైన ప్యాకెట్ ఒక్కటే పెట్టమన్నారు. మా అబ్బాయేమో "డాక్టర్లకు పిల్లి తిండి గురించి కాలేజీలో చెప్పనే చెప్పరు, అదంతా కమిషన్, ఇంట్లోనే చికెన్ ఉడకబెట్టి పెడదాం" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటలో కొంత నిజముంది. నేనూ పశువైద్యుడినే. మా ఐదున్నరేళ్ల చదువులో పశుపోషణ పెద్ద సబ్జెక్టే కానీ, పాడి గేదెకు దాణా ఎంత, వరిగడ్డిని యూరియాతో ఎలా సుపోషకం చేయాలి, కోళ్ల దాణాలో మక్కలు ఎన్ని పాళ్లు, ఎక్కువగా ఇవే నేర్చుకున్నాం. మన ఊళ్లకు కావాల్సింది అదే కాబట్టి తప్పని అనను. పిల్లుల గురించి నాకు తెలిసిందంతా ఆ తర్వాత, జబ్బుపడ్డ పిల్లులు నా దగ్గరికి వస్తుంటే చదువుకుని తెలుసుకున్నదే.

కానీ మీ డాక్టర్ చేసింది వైద్యమే. మూత్రంలో స్ట్రువైట్ అనే రకం స్ఫటికాలు, రాళ్లు ఉంటే వాటిని కరిగించడానికే చేసిన తిండి ఉంటుంది. కాల్షియం ఆక్సలేట్ రాళ్లయితే ఏ తిండికీ కరగవు. అందుకే "మూత్రం పరీక్షలో ఏం కనిపించింది సార్, ఈ ప్యాకెట్ ఎన్నాళ్లు పెట్టాలి, ఇదే రకం వేరే కంపెనీది పెట్టొచ్చా" అని మొహమాటపడకుండా అడగండి. జవాబు సూటిగా వస్తే కమిషన్ అనుమానం దానంతటదే పోతుంది. ఆ ప్యాకెట్ పెట్టినన్నాళ్లు వేరే ఏదీ కలపొద్దు, కలిపితే డబ్బు దండగ.

ఇక ఇంట్లో ఉడికించిన చికెన్. పిల్లి మాంసం మీదే బతికే జీవి, అబ్బాయి అంతవరకు కరెక్టే. కానీ ఎముక లేని చికెన్‌లో కాల్షియం దాదాపు ఉండదు. టారిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో చాలినంత తయారుకాదు, తిండిలోంచే రావాలి, మాంసం ఉడికిస్తే అది చాలావరకు ఆ నీళ్లలోకే దిగిపోతుంది. 1987లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లోని పశువైద్యులు పిల్లుల గుండె ఉబ్బి బలహీనపడే జబ్బుకు టారిన్ లోటే కారణమని పట్టుకున్నారు. ఆ పిల్లులు తిన్నది కంపెనీల ప్యాకెట్లే! అది తెలిశాకే కంపెనీలు టారిన్ పెంచాయి. ప్యాకెట్‌లో తప్పు ఉండొచ్చనీ, దాన్ని పట్టుకున్నది డాక్టర్లేననీ రెండూ మీ అబ్బాయికి చెప్పండి.

మీ కూర ముక్కలు మాత్రం ఇవాళే ఆపేయండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి, ముక్కను కడిగిపెట్టినా ఆ రసం పోదు. పాలు పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. ఇవన్నీ పెడుతున్నామని మీరు డాక్టర్‌కు చెప్పారా? నా దగ్గరికొచ్చేవాళ్లు "మామూలు తిండే సార్" అని ఊరుకుంటారు, మీ వంటింట్లో ఏముందో చెప్పకపోతే మాకు ఎట్లా తెలుస్తుంది?

కొత్త తిండి తిననని మొండికేస్తే, ఆకలైతే అదే తింటుందిలే అని వదిలేయకండి. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, లివర్‌లో కొవ్వు చేరి ప్రాణం మీదికొస్తుంది. వారం పది రోజుల్లో మెల్లగా మార్చడం ఎలాగో డాక్టర్‌నే అడగండి. నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి, తడి తిండి రకం దొరికితే ఇంకా మంచిది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మగపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుని ముక్కుతూ, ఒక్క చుక్క కూడా రాకపోతే దారి మూసుకుపోయినట్టే. అప్పుడు ఏ తిండి మంచిదన్న చర్చ వద్దు, తెల్లారే దాకా ఆగకుండా రాత్రయినా సరే దవాఖానకు తీసుకెళ్లండి.