ఏడుపు పాటకు ఎగిరే అడుగులు

ప్రశ్న: ‘లంబాడా’ పాట బ్రెజిల్‌దేనా? మన లంబాడాలకూ దానికీ సంబంధం ఉందా?

జవాబు: మన లంబాడాలతో ఏ సంబంధమూ లేదు, పేరు కలిసిందంతే. పోర్చుగీసులో లంబాడా అంటే కొరడాతో కొట్టినట్టు తగిలే దెబ్బ. తండాల్లో ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ ఆడతారు. ఉత్తర బ్రెజిల్‌లోని పారా రాష్ట్రం నుంచి వచ్చిన లంబాడా మాత్రం జంట నాట్యం.

ఇక ఆ పాట బాణీ బొలీవియాది. లోస్ క్యార్కాస్ బృందం 1981లో పాడిన ‘యొరాందో సె ఫుయె’, అంటే ‘ఏడుస్తూ వెళ్లిపోయింది’. ఆండీస్ పర్వత ప్రాంతపు వెదురు వేణువులతో సాగే విరహగీతం అది. ఫ్రాన్స్‌లో ఏర్పడిన కావోమా బృందం 1989లో గాయని లోఅల్వా బ్రాజ్‌తో పోర్చుగీసులో పాడించి, అకార్డియన్ వాద్యంతో విడుదల చేసింది. అసలు పాట రాసిన, లోస్ క్యార్కాస్‌లోని ఎర్మోసా సోదరుల పేరు మాత్రం వేయలేదు. వాళ్లు చట్టపరంగా పోరాడి హక్కు దక్కించుకున్నారు. ఈ పాట ప్రస్తావన వస్తే ముందు వాళ్ల పేరే చెప్పాలి.

ప్రశ్న: మేమిద్దరం లంబాడా నాట్యం నేర్చుకుంటున్నాం. అడుగు పాటకు అందడం లేదు. మోకాళ్లు కొట్టుకుంటున్నాయి, నడుం పట్టేస్తోంది.

జవాబు: నాలుగు బీట్లకు నాలుగు అడుగులు వేస్తున్నట్టున్నారు. వేయాల్సినవి మూడే. మొదటి అడుగుకు రెండు బీట్లు, తర్వాతి రెంటికీ ఒక్కోటి: ‘తా-ఆ, త, క’. పాట వేగం నిమిషానికి దాదాపు 120 బీట్లు. ఫోన్లో వేగం 0.75కి తగ్గిస్తే 90కి దిగుతుంది. రెండు మూడు వారాలు అక్కడే సాధన చేయండి.

ఎదురెదురుగా సూటిగా నిలబడితే మోకాళ్లు కొట్టుకోక తప్పదు. ఇద్దరూ తమ తమ ఎడమకు అర అడుగు జరగండి. అప్పుడు ఒకరి కుడి మోకాలు మరొకరి కాళ్ల మధ్యకు వస్తుంది.

నడుం నొప్పికి కారణం తుంటిని నడుంతో తోయడం. ఆ ఊపు మోకాళ్ల నుంచి రావాలి: ఒక మోకాలు వంగుతుంటే రెండోది సాగాలి, బరువు మునివేళ్ల వైపు ఉండాలి. వెనక్కి వాలేటప్పుడు పొట్ట బిగించి, వీపు పైభాగం నుంచే వంగండి. తలను విసరకండి, మెడ పట్టేస్తుంది. రబ్బరు అడుగున్న బూట్లు వద్దు. అవి నేలను పట్టేస్తే తిరిగే భారం మోకాలి మీద పడుతుంది.

ప్రశ్న: ఈ నాట్యం ఇప్పటికీ ఉందా?

జవాబు: ఉంది, పేరు మారింది. లంబాడా పాటలు తగ్గాక నర్తకులు అవే అడుగులను కరీబియన్ జూక్ సంగీతానికి వేశారు. దాన్నే బ్రెజిలియన్ జూక్ అంటున్నారు. మీకు 90 బీట్ల దగ్గర కుదిరితే నేరుగా ఆ తరగతిలో చేరవచ్చు.