కలని బతికించేది ‘ఎక్కడిదాకా వచ్చింది?’ అని అడిగే మనిషి

మీరు అడిగినవి మూడు. రోజూ సంతోషాన్నిచ్చే చిన్న విషయాలేంటి, ఎప్పటికైనా సొంతంగా సృష్టించాలనుకుంటున్నది ఏంటి, అందులో ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఎలా తోడయ్యారు అని. కింద మీ సంగతి కూడా రాశారు. పిల్లల కథలు రాయాలని చాలా ఏళ్లుగా ఉందట, ఉద్యోగం, ఇల్లు చూసుకునేసరికి రోజు అయిపోతోందట, అందుకే ప్రస్తుతానికి చిన్న చిన్న సంతోషాలతో సరిపెట్టుకుంటున్నారట. ఆ చివరి మాటతో నాకు పేచీ ఉంది. చిన్న సంతోషాలు ఒక పక్క, పెద్ద కల ఇంకో పక్క అని విడదీస్తే రెండూ ఎండిపోతాయి. నా అనుభవంలో రెండూ ఒకటే పని, ఆ పనిని నిలబెట్టింది మనుషులే.

నా కల ఒక తెలుగు ఫాంట్, అంటే కంప్యూటర్లో, ఫోన్లో అక్షరాలు కనిపించే రూపం, తయారు చేయడం. నేను డిజైనర్ని కాదు, లెక్కల విభాగంలో ఉద్యోగం. కానీ అక్షరాలంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. ‘క’ మీద తలకట్టు అక్షరంతో కలిసిపోతుంది, ‘ప’ మీద విడిగా నిలబడుతుంది, ‘బ’, ‘ల’, ‘జ’ లకు అసలు ఉండనే ఉండదు. రోజూ చదువుతూ కూడా చాలామంది ఇది గమనించరు, కానీ ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేరు. ఫోన్లో మనం ‘క్షి’ అని కొడితే లోపల దాచుకునేది క, పొల్లు, ష, గుడి అనే నాలుగు సంకేతాలే. కంప్యూటర్ల కోసం ప్రపంచంలోని లిపులకి ఇలాంటి సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటుంది. ఆ నాలుగింటినీ కలిపి కంటికి ఒక్క అక్షరంగా చూపించే పని మాత్రం ఫాంట్‌ది. అంటే అచ్చులు, హల్లులు గీసేస్తే సరిపోదు, ఏ హల్లుకి ఏ గుణింతం ఎక్కడ తగులుకుంటుందో, ఏ ఒత్తు ఎంత కిందికి దిగుతుందో అన్నీ ఒక్కొక్కటే గీసుకుంటూ, సరిచూసుకుంటూ పోవాలి. ఏళ్లు పట్టే పని. అది తెలిసే మొదలుపెట్టాను. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లోనే చేస్తున్నాను. పూర్తయ్యాక ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, మార్చుకునేలా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వదలాలని కోరిక.

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రిజిస్టర్లు చేత్తో రాసిన మనిషి. నాకు ఏ రోజూ కూర్చోబెట్టి ‘నీ కలల వెంట వెళ్లు’ లాంటి మాటలు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత పనిచేసేవి కావు కూడా. మా మేనకోడలి నోటు పుస్తకాలకి పేరు రాయమంటే ఆయన ఎలా రాస్తారో చూడాలి. ముందు స్కేలు పెట్టి పెన్సిల్‌తో కనీ కనపడకుండా ఒక గీత గీస్తారు. పేరు మొత్తం ఒకసారి వేలితో గాల్లో రాసి ఎంత చోటు పడుతుందో చూసుకుంటారు. తర్వాత పెన్ను పట్టుకుంటారు. చెయ్యి ఇప్పుడు కొంచెం వణుకుతుంది, అందుకని మణికట్టు బల్లకి ఆనించి, ఒక్కో వంపుకి ముందు కాస్త ఆగుతారు. సిరా ఆరాక పెన్సిల్ గీత చెరిపేస్తారు. అలా రాస్తుండగా పక్కన కూర్చుని చూస్తుంటే ఒకసారి అన్నారు, ‘కింద ఒత్తుకి చోటు వదలకపోతే రెండో వరసలో గుడితో గొడవ పడుతుంది తల్లీ’ అని. నేను ఫాంట్‌లో వరసకీ వరసకీ మధ్య ఎంత దూరం పెట్టాలో తేలక అవస్థ పడుతున్న రోజులవి. మన లిపికి కిందా పైనా రెండు వైపులా చోటు కావాలి, ఇంగ్లీషు అక్షరాల కొలతలు తెచ్చి పెడితే ఒత్తులు నలిగిపోతాయి. అంత పెద్ద సంగతిని ఆయన ఒక పిల్ల నోటు పుస్తకం మీద చూపించేశారు. అది ఆయనకి తెలియదు కూడా. ఆ మాట వెంటనే నా నోట్సులో రాసుకున్నాను.

అందుకే నాకు రోజువారీ సంతోషం ఏంటని అడిగితే ఇదే చెబుతాను, నాన్న రాస్తుంటే పక్కన కూర్చోవడం. ఇంకోటి, ఇంకా ఎవరూ లేవకముందు బల్ల దగ్గర కూర్చుని ఒకే అక్షరం మీద ఉండిపోవడం. ఈ మధ్య ‘ళ’ చివరి వంపు మీద ఉన్నాను. మరీ గుండ్రంగా తిప్పితే అక్షరం బొద్దుగా అయిపోతుంది, కాస్త లాగితే పక్క అక్షరం మీద పడిపోతున్నట్టుంటుంది. రెండింటికీ మధ్య ఎక్కడో ఒక చోట అది కుదురుగా కూర్చుంటుంది. ఆ కుదిరిన క్షణం కోసం నిద్ర మానుకోవచ్చు. ఆ రోజంతా ఆఫీసులో ఎంత టెన్షన్ ఉన్నా లోపల ఏదో ఒకటి హాయిగా ఉంటుంది.

ఇది నా ఒక్కదాని భావన కాదు. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన తామ్లిన్ కానర్, మరో ఇద్దరు కలిసి 658 మంది యువతీయువకుల చేత 13 రోజులు డైరీ రాయించారు. మామూలు కంటే ఎక్కువగా ఏదైనా సృజనాత్మకమైన పని చేసిన రోజుకి మర్నాడు వాళ్లలో ఉత్సాహం, జీవితం నిండుగా ఉందన్న భావన పెరిగాయి. గొప్ప కళాఖండాలేమీ కాదు, పాట కట్టడం, అల్లికలు, కొత్త వంట ప్రయత్నించడం, బొమ్మ గీయడం, ఏదో ఒకటి రాయడం, ఇలాంటివే. నాకు ఇంకా ముఖ్యం అనిపించింది రెండో సంగతి. ఇవాళ సంతోషంగా ఉన్నంత మాత్రాన రేపు ఎక్కువ సృజన జరుగుతుందని మాత్రం వాళ్లకి కనబడలేదు. మనం సాధారణంగా అనుకునేది దీనికి తిరగేసి ఉంటుంది కదా, ‘మనసు బాగున్నప్పుడు రాస్తాను’, ‘కాస్త తీరిక దొరికి ఉత్సాహం వచ్చాక మొదలుపెడతాను’ అని. మూడ్ కోసం ఎదురుచూడకండి అని మీకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఆధారం లేదు. నాలుగు వాక్యాలు రాయండి, మూడ్ మర్నాడు వస్తుంది.

ఇక స్నేహితుల సంగతి. నాకొక స్నేహితురాలు ఉంది, కాలేజీ రోజులనుంచీ. ఆమెకి అక్షరాల గురించి ప్రత్యేకమైన ఆసక్తేమీ లేదు, ఫాంట్ అంటే ఏంటో నేను చెబితేనే తెలిసింది. కానీ ఫోన్ చేసిన ప్రతిసారీ, పిల్లల చదువులు, అత్తగారి ఆరోగ్యం, అన్నీ అయ్యాక తప్పకుండా అడుగుతుంది, ‘ఏమే, నీ ళ ఎక్కడిదాకా వచ్చింది?’ అని. అంతే. సలహా ఇవ్వదు, పొగడదు. ఏ అక్షరం మీద ఉన్నానో గుర్తుపెట్టుకుని మరీ అడుగుతుంది. ఎక్కడైనా వింతగా రాసిన బోర్డు కనిపిస్తే ఫోటో తీసి పంపుతుంది, ‘ఇందులో ద చూడు, పొట్ట ఎంత పెద్దదో’ అని. ఆ ఫోటోలన్నీ ఒక ఫోల్డర్లో దాచాను, కొన్నింటి వంపులు నా గీతల్లోకి వచ్చేశాయి కూడా. ఆమె అడుగుతుందని తెలుసు కాబట్టి ఏమీ గీయని వారం నాకు వెలితిగా అనిపిస్తుంది.

పొగడ్త కంటే ప్రశ్న ఎందుకంత పనిచేస్తుందా అని నేను చాలా ఆలోచించాను. 2004లో షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. మనకి జరిగిన మంచి విషయం దగ్గరివాళ్లకి చెప్పినప్పుడు వాళ్లు నాలుగు రకాలుగా స్పందిస్తారట. కొందరు ఉత్సాహంగా వివరాలు అడుగుతారు. కొందరు ‘బాగుంది’ అని ఊరుకుంటారు. కొందరు అందులో ఉన్న ఇబ్బందులు ఎత్తిచూపుతారు. కొందరు పట్టించుకోకుండా వేరే మాట ఎత్తుకుంటారు. ఇందులో అనుబంధాన్ని గట్టిపరిచే వైపు ఉన్నది ఆ మొదటి రకం ఒక్కటే. నన్ను ఆలోచనలో పడేసింది ఆ రెండో రకం. ‘బాగుంది’ అనడం కూడా మంచి మాటే కదా అనుకుంటాం, కానీ ఆ మాటతో సంభాషణ అక్కడే అయిపోతుంది. మీరు కథ రాసి ఇంట్లో చూపిస్తే ‘చాలా బాగుంది’ అని ఫోన్ వైపు తిరిగిపోయిన మనిషి మీద మీకు కోపం రాకపోవచ్చు, కానీ రెండో కథ చూపించాలనిపించదు. దీని అర్థం వాళ్లకి ప్రేమ లేదని కాదు, ఏం అడగాలో తెలియదు అంతే. అది నేర్పించవచ్చు, దాని గురించి కింద చెబుతాను.

వయసు గురించి కూడా మీరు బెంగపడ్డారు, ‘నలభై దాటాయి’ అని. అమెరికాలో గ్రాండ్‌మా మోసెస్ అని పేరుపొందిన చిత్రకారిణి ఉండేవారు, 1860లో పుట్టారు. జీవితమంతా పొలం పనులు, పిల్లలు. ఊలు దారంతో బొమ్మలు కుట్టేవారు. వయసు మీదపడి కీళ్లనొప్పులతో సూది పట్టుకోవడం కష్టమైతే, కుట్టడం కంటే రంగులు వేయడం సులువు కదా అని ఆవిడ చెల్లెలు సలహా ఇచ్చింది. అప్పటికి ఆవిడకి డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. 1940లో న్యూయార్క్‌లో ఆవిడ చిత్రాలతో ప్రదర్శన పెట్టారు, 1961లో 101 ఏళ్లకి పోయేదాకా ప్రపంచానికి తెలిసిన చిత్రకారిణిగా బతికారు. నాకు ఈ కథలో ఆ చెల్లెలు ఎక్కువ ఇష్టం. అక్క చేతి నొప్పి చూసింది, అక్కకి బొమ్మలంటే ఎంత ఇష్టమో కూడా చూసింది, రెండూ కలిపి ఒక చిన్న మాట చెప్పింది.

ఇంకొకరు అమెరికా రచయిత్రి హార్పర్ లీ. న్యూయార్క్‌లో విమానయాన సంస్థలో టికెట్ల రిజర్వేషన్ ఉద్యోగం చేస్తూ తీరిక దొరికినప్పుడు రాసుకునేవారు. 1956 క్రిస్మస్‌కి మైకేల్, జాయ్ బ్రౌన్ అనే స్నేహితుల జంట ఆమెకి ఒక కవరు ఇచ్చారు. ఉద్యోగం మానేసి ఏడాదిపాటు రాసుకోవడానికి సరిపడా డబ్బు అందులో ఉంది. 1960లో ఆమె నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇలాంటి స్నేహితులు అందరికీ దొరకరు, నాకూ లేరు, ఆశించడం కూడా సరికాదు. అయితే వాళ్లు నిజంగా ఇచ్చింది సమయం. సమయం మాత్రం మామూలు కుటుంబాల్లో కూడా ఇచ్చుకోవచ్చు. మా ఇంట్లో ఆదివారం పొద్దున మా ఆయన పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లిపోతారు, మధ్యాహ్నం దాకా రారు. మొదట్లో ఆయనకి ఈ పని అంతు పట్టలేదు, ఉన్న ఫాంట్లు చాలవా అన్నారు. నేను వాదించలేదు. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని వేరువేరు ఫాంట్లలో పెద్దగా చేసి చూపించాను. ఒకదాంట్లో క్రావడి శ ని చుట్టుకుని నిండుగా ఉంది, ఒకదాంట్లో అతికించినట్టు పక్కన వేలాడుతోంది. చాలాసేపు చూసి, ‘నీది ఎలా ఉంటుంది?’ అన్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచే ఈ ఏర్పాటు, నేను అడగకుండానే.

ఇక్కడే మీకు చెప్పాలనుకున్న అసలు విషయం. మనం చేసేది వాళ్లకి కనిపించేంత చిన్నదిగా చేసి చూపించాలి. ‘నాకు ఫాంట్ చేయాలని కల’ అంటే మా ఆయనకి ఏమీ కనబడలేదు, ఒక ‘శ్రీ’ కనబడింది. ‘పిల్లల కథలు రాయాలి’ అంటే మీవాళ్లకి కూడా ఏమీ కనబడదు. అదే, అన్నం తినిపించేటప్పుడో పడుకోబెట్టేటప్పుడో మీ పిల్లలకి నోటితో చెప్పే కథల్లో వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పమన్నది ఏదో ఒకటి ఉంటుంది, అది రాయండి ముందు. వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఆపి ప్రశ్న వేశారో మీకు తెలుసు. మీ మొదటి పాఠకులు, మీ రోజువారీ సంతోషం, మీ కల అన్నీ ఒకే మంచం మీద ఉన్నాయి, వేరేగా వెతుక్కోవాల్సిన పని లేదు.

రాశాక చూపించే పద్ధతి ఒకటి. మొత్తం ఇచ్చి ‘ఎలా ఉంది?’ అని అడక్కండి, ఆ ప్రశ్నకి ‘బాగుంది’ తప్ప వేరే జవాబు రాదు. ఒక్క పేజీ ఇచ్చి, ‘ఇందులో ఎక్కడ నీకు విసుగొచ్చింది?’ అనో, ‘తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నావు?’ అనో అడగండి. ఏం చెప్పాలో తెలియని మనిషికి కూడా దానికి జవాబు దొరుకుతుంది. అందరికీ చూపించకండి, మొదట్లో ఒక్కరు చాలు, రాయడం గురించి బాగా తెలిసినవాళ్లే కానక్కర్లేదు, పోయినసారి మీరు చెప్పింది గుర్తుపెట్టుకునేవాళ్లయితే చాలు. ఇబ్బందులే ఎత్తిచూపేవాళ్లు ఇంట్లోనే ఉంటే, కథ ఒక రూపానికి వచ్చేదాకా వాళ్లకి చూపించడం ఆపండి. దాచినందుకు బాధపడొద్దు, అచ్చయ్యాక వాళ్లే అందరికంటే ముందు పట్టుకుని తిరుగుతారు.