దున్నదూడల పెంపకం పెడుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు దున్నదూడల ఫారం పెడుతున్నావని మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "కసాయోళ్లకు అమ్మే వ్యాపారం మనకెందుకురా తమ్ముడూ, నువ్వు చెబితే వింటాడు" అంది. నాకైతే ముందు గర్వమే అనిపించింది. హైదరాబాద్ తబేలాల్లో మగదూడ పుడితే దాని గతేమిటో పశువుల డాక్టరుగా సర్వీసంతా చూశాను. పాలు అమ్ముకోవాలి కాబట్టి దానికి చన్ను వదలరు. కొన్నాళ్లకు అదే చచ్చిపోతుంది. అలాంటిదాన్ని తెచ్చి, మేపి, బరువు పెంచి అమ్ముతానన్నవాడు పాపం చేస్తున్నాడని నేననుకోను. అక్కకు నేను నచ్చజెప్పుకుంటాను. నీతో మాట్లాడాల్సింది వేరే ఉంది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రాజెక్టు రిపోర్టు చదివాను. "దున్న మాంసం ఎగుమతులకు ఇబ్బంది వస్తే ప్రభుత్వం ఆదుకుంటుంది" అని రాశావు. కింద "సబ్సిడీ 50 శాతం" అని ఒక గడి. ఎవడు చెప్పాడ్రా నీకు? నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో ఆ సగం సబ్సిడీ కోళ్లకు, గొర్రెలు మేకలకు, పందులకు, పశుగ్రాసానికి. దున్నలకు లేదు. 2020లో కేంద్రం 15,000 కోట్లతో పెట్టిన పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి మాంసం ప్లాంట్లకు పనికొస్తుంది కానీ, అదీ ఊరికే ఇచ్చే డబ్బు కాదు. బ్యాంకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ, అంతే. నీలాంటివాడికి అక్కరకొచ్చేది కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19 నుంచి పశుపోషణకూ ఇస్తున్నారు. దాణా ఖర్చుకు అది తీసుకో.

నీళ్లు, గడ్డి, పేడగుంత సంగతి నీకు చెప్పక్కర్లేదు, పల్లెలో పుట్టినోడివి.

ఇప్పుడు మీ నాన్న సంగతి. ఆయన నీకు చెప్పి ఉండడు. నువ్వింకా బడికి కూడా పోని రోజులు. మీరిప్పుడు ట్రాక్టర్ పెట్టుకుంటున్న రేకుల షెడ్డు ట్రాక్టర్ కోసం వేసింది కాదు. అప్పట్లో మగదూడల్ని కాపాడి పెంచడానికి కేంద్రం ఒక పథకం తెచ్చింది. బావ అందులో అప్పు తీసుకున్నాడు. సబ్సిడీ చేతికి రాదు, తనిఖీ అయ్యాక అప్పులో తగ్గించుకుంటారు. తనిఖీకి బ్యాంకువాళ్లు వస్తున్నారని కబురు వచ్చేసరికి షెడ్డులో రాసిచ్చినన్ని దూడలు లేవు. బావకు టెన్షన్ పట్టుకుంది. సంతకు పోయి దొరికినవి దొరికినట్టు కొని తెచ్చి పాతవాటి పక్కనే కట్టేశాడు. "కొత్తవి వేరే కట్టు బావా, మూడు వారాలు చూడాలి" అని నేను ఫోన్లో మొత్తుకున్నాను. "రెండు రోజులే కదయ్యా, వాళ్లొచ్చి లెక్కపెట్టుకుని పోనీ" అన్నాడు.

వాళ్లొచ్చారు. లెక్క సరిపోయింది. టీ తాగి వెళ్లారు.

ఆ తర్వాత సంత దూడల్లో ఒకటి చొంగ కార్చింది. గడ్డిపుల్ల గుచ్చుకుందేమో అనుకున్నాడు బావ. నేను వచ్చేసరికి షెడ్డంతా ఒకటే చప్పుడు, నోళ్లు చప్పరించే చప్పుడు. పెదాల నుంచి నురగ తీగలు తీగలుగా కారుతోంది. గిట్టల మధ్య పుండ్లు. గాలికుంటు, అంటుకునే వైరస్ జబ్బు. కాస్త పెద్దవి తట్టుకున్నాయి. పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో నోళ్లూ కాళ్లూ కడిగి కాపాడుకున్నాం. చిన్నవాటికి పుండు కూడా లేదు. పాలసీసా వదిలి నాలుగడుగులు వేసి పడిపోయేవి. ఎవరో మందు పెట్టారని ఊళ్లో మాట పుట్టింది. బావ అది నమ్మి ఎవరితో తగువు పెట్టుకుంటాడో అని ఒకదాన్ని కోసి గుండె చూపించాను. ఎర్రటి కండ మీద పాలిపోయిన చారలు. పులి గుండె అంటాం మేము. లేతదూడల్లో ఆ వైరస్ గుండె కండనే తినేస్తుంది. మీ నాన్న ఏమీ అనలేదు. వెళ్లి చేతులు కడుక్కున్నాడు, తను దేన్నీ ముట్టుకోకపోయినా.

దూడలు లేవు కాబట్టి సబ్సిడీ లేదు. అప్పు మాత్రం అలాగే ఉంది. కాలవ పక్క పొలం చెక్క ఎందుకు అమ్మేశారని నువ్వు నన్నొకసారి అడిగావు, గుర్తుందా? మీ అమ్మ ఏడ్చింది కసాయోళ్ల గురించేనని నేననుకోవడం లేదు.

ఎగుమతుల కష్టానికి కూడా మూలం ఈ జబ్బే. గాలికుంటు ఉన్న దేశం నుంచి అమెరికా, జపాన్, యూరప్ లాంటి చోట్ల పచ్చి మాంసం రానివ్వరు. అందుకే మన దున్న మాంసం వియత్నాం, మలేషియా, ఈజిప్టు, ఇరాక్ వైపు చవక ధరకు పోతుంది. అదీ ఎముక లేకుండా, గ్రంథులు తీసేసి. వైరస్ దాక్కునేది వాటిల్లోనే. రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక ఎగుమతి ప్లాంటులో పనిచేశాను. కోసిన కండను 24 గంటలు చల్లగదిలో వేలాడదీసి, తెల్లారి పులుపు కొలిచే పీహెచ్ మీటర్ సూది గుచ్చి చూడాలి. 6 కంటే తగ్గిందా, ఆ పులుపుకు వైరస్ చచ్చినట్టు. తగ్గకపోతే ఆ సరుకు ఎగుమతికి పోదు.

చైనాతో 2013లో ఒప్పందం రాసుకున్నా ఆ తలుపు తెరుచుకోలేదు. మన సరుకు వియత్నాం మీదుగా దొంగదారిన అటు చేరేది. చైనా సరిహద్దులో గట్టిగా పట్టుకోవడం మొదలెట్టాక మన ఎగుమతులు పడిపోయాయి. 2014-15లో దాదాపు 478 కోట్ల డాలర్లున్నవి 2019-20కి 317 కోట్ల దగ్గరికి దిగాయి. మళ్లీ కోలుకున్నాయనుకో. కానీ ప్లాంటు కొనడం తగ్గించిన ప్రతిసారీ ముందు ధర పడేది సంతలోనే. దున్న నీ కొట్టంలో ఉన్నన్నాళ్లూ తింటూనే ఉంటుంది, దాని దాణా డబ్బు ఎవరూ ఇవ్వరు. పోనీ ప్రభుత్వమైనా ఎప్పుడూ మనవైపే ఉంటుందా అంటే, 2017 మేలో సంతల్లో పశువుల్ని కోతకు అమ్మకూడదని రూలు తెచ్చింది అదే. అందులో బర్రెలూ దున్నలూ ఉన్నాయి. జులైలో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది.

నన్నడిగితే ఈ పరిశ్రమకు ప్రభుత్వం చేసిన అసలు సాయం 2019లో మొదలెట్టిన టీకాల కార్యక్రమం. గాలికుంటుకూ, పశువులకు గర్భం పోయే బ్రూసెల్లా జబ్బుకూ కలిపి 13,343 కోట్లు. 2030కల్లా గాలికుంటును లేకుండా చేయాలని లక్ష్యం. ఆర్నెల్లకోసారి ఇంటి ముందుకొచ్చి ఉచితంగా వేసే ఆ సూదిని మనవాళ్లు "పాలు తగ్గుతాయి" అని తప్పించుకుంటారు. నువ్వు అలా చేశావని తెలిస్తే ఊరుకోను. నాలుగు నెలలు దాటిన ప్రతి దూడకూ టీకా, నెల తర్వాత బూస్టర్, చెవికి 12 అంకెల పోగు. కొత్తవాటికి వేరే కొట్టం, వేరే తొట్టి, వేరే మనిషి. మనిషిని పెట్టలేకపోతే ముందు పాతవాటి పని చేసుకుని ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లు.

ఇంకో భయం కూడా ఉంది నాకు, నవ్వకు. రాత్రిపూట దూడల బండి కదిలించకు. పగలే కదిలించు, డాక్టరు సర్టిఫికెట్, కొన్న రసీదు డ్రైవర్ చేతిలో ఉండాలి. దారిలో గోరక్షకులమంటూ ఎవరైనా ఆపితే వాదనకు దిగకుండా పోలీసులకు ఫోన్ చేయమను. అమ్మేటప్పుడూ అంతే. మన 1977 గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం దున్నైనా సరే కోతకు తగినదని సర్టిఫికెట్ కావాలి, దూడను కోయనే కూడదు. బరువు తొందరగా వచ్చిందని వయసు దాచి అమ్మకు.

ఆదివారం రా. రిపోర్టులో సబ్సిడీ గడి కొట్టేసి, ఆరు నెలలు ఎవరూ కొనకపోతే దాణాకు ఎంతవుతుందో ఆ లెక్క వేసి తీసుకురా. వీలైతే మీ నాన్నను కూడా తీసుకురా, షెడ్డు సంగతి ఆయనకు నా కంటే బాగా తెలుసు.

ఇట్లు,
మీ మామయ్య